నడుస్తున్న బండి ఆగాలి

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె సైరన్ అక్క. కార్లకు అలారాలు బిగించడం ఆమె పని. ఒకే షెడ్డులో ఓ పక్క ఆమె, ఇంకో పక్క కారు సీట్లకు కవర్లు కుట్టే భర్త. "ఆయన కూర్చోబెడతాడు, ఆవిడ లేపి నిలబెడుతుంది" అని ఎదురుగా టైర్ల షాపువాళ్లు నవ్వేవాళ్లు. బిగించడం అయ్యాక సైరన్ ఒకసారి మోగించి చూడక తప్పదు మరి. ఆ మోతకి తిట్టుకున్నవాళ్లే, సొంతంగా కారు కొనుక్కున్న రోజు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు.

ఆమె పుట్టు పిరికిది. తాళం వేసిన తలుపుని వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసే రకం. పెళ్లికి ముందు మేనమామకి బ్యాటరీల కొట్టు ఉండేది. ఆయనకి చూపు మసకబారితే సన్నటి వైర్లు కలిపి పెట్టడానికి వెళ్లి, ఆ కొట్టులోనే పని నేర్చుకుంది. అతుకు వేసి టేపు చుట్టాక లాగి చూసేది, నమ్మకం కుదరక మళ్లీ లాగేది. "ఒసే పిరికీ, ఈ పనికి నీలాంటివాళ్లే కావాలే. ధైర్యవంతుడు ఫ్యూజు పెట్టడు, బండి తగలబెడతాడు" అనేవాడు మేనమామ. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఆమెకి ఎప్పుడూ తేలలేదు.

ఒకరోజు పొద్దున్నే బూడిదరంగు కారొకటి షెడ్డు ముందు ఆగింది. దిగినాయన చొక్కాకి ఎక్కడా ముడత లేదు. మాట చాలా మెత్తన. అలారం పెట్టె తనే కొని తెచ్చుకున్నాడు.

"మా ఆవిడ బండి ఇది. సాయంత్రానికల్లా కావాలి. వైర్లు ఎక్కడా కనపడకూడదు" అన్నాడు.

పెట్టె విప్పి చూసింది. సిమ్ కార్డు వేసే రకం. తలుపు తెరిస్తే యజమాని ఫోనుకి కబురు వెళుతుంది. బండి ఎక్కడ తిరుగుతోందో ఫోనులో కనిపిస్తుంది. పప్పుగింజంత మైకు కూడా ఉంది. లోపల మాట్లాడేవి ఎక్కడినుంచైనా వినొచ్చు.

"ఇంజను ఆపే కనెక్షను స్టార్టర్ వైరుకి ఇస్తానండీ. దొంగ తాళం తిప్పినా స్టార్టవదు."

"స్టార్టర్‌కి వద్దు. పెట్రోలు పంపుకి ఇవ్వండి. నేను ఫోన్లో నొక్కితే నడుస్తున్న బండి ఆగాలి."

"నడుస్తుండగా ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుపోతుందండీ. బ్రేకు రాయిలా అయిపోతుంది. లోపల ఎవరుంటే వాళ్లకి..."

"తెలుసు" అన్నాడాయన, చిరునవ్వు చెదరకుండా. "దొంగకేగా జరిగేది."

వెనక సీటులో చిన్నపిల్లలు కూర్చునే కుర్చీ బిగించి ఉంది. దాని పట్టీలో పసుపుపచ్చ సాక్సు ఒకటి ఇరుక్కుని వేలాడుతోంది. ఆమె చూపు అక్కడ ఆగింది. తన చూపు ఎక్కడ ఆగిందో ఆయన చూస్తున్నాడని ఆమెకి అర్థమైంది.

"రిమోటు ఎలా వాడాలో మేడంగారికి ఓసారి చూపిస్తే..."

"తనకి ఇవేవీ చెప్పక్కర్లేదు. కంగారు మనిషి." షెడ్డు లోపలికి చూసి, "మీ ఇల్లు ఈ షెడ్డు వెనకాలే కదా?" అన్నాడు.

మామూలుగా అడిగినట్టే అడిగాడు. అయినా ఆమె వీపు మీద చన్నీళ్లు ఒలికినట్టయింది.

కుర్చీ వేసుకుని ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆమె బ్యాటరీ నెగటివు వైరు విప్పింది. బానెట్‌లో సైరన్‌ని నీళ్లు నిలవకుండా బోర్లించి బిగించింది. రబ్బరు బుష్షులోంచి వైర్లు లోపలికి తీసింది. రంగు గీకి బాడీకి ఎర్త్ ఇచ్చింది. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, పంపుకి వెళ్లే వైరు ఏదో టెస్టు లాంపుతో పట్టుకుంది. దాన్ని కోయడానికి ముందు చాలాసేపు కట్టరు పట్టుకుని అలాగే ఉండిపోయింది. రాదని చెప్పి లేచిపోవచ్చు. కానీ పక్కనే, తెరిచిన తలుపు దగ్గర, మెరిసే నల్లబూట్లు రెండు వచ్చి నిలబడ్డాయి.

వైరు కోసింది. రెండు కొసల మధ్య, ఫోను నొక్కితే కరెంటు తెంచే రిలే పెట్టింది.

ఇంజను స్టార్ట్ చేసి ఆయన ఫోన్లో నొక్కాడు. బండి చిన్నగా వణికి చచ్చిపోయింది. ఆయన మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ నొక్కాడు. ఒక్కసారి చూస్తే చాలుగా, ఎన్నిసార్లు చూస్తాడు అనుకుంటూ భర్త మిషను ఆపి తలెత్తాడు.

"చాలా బాగా చేశారు" అని వెళ్లిపోయాడాయన.

ఆ సాయంత్రం ఆమెకి అన్నం సహించలేదు. ట్రాఫిక్‌లో బ్రేకు చప్పుడు వినపడితే చాలు, లేచి గుమ్మం దాకా వెళ్లి చూసేది.

"మనకెందుకే" అన్నాడు భర్త. ఆయనా ధైర్యస్థుడేమీ కాదు. "ఆయన బండి, ఆయన ఇష్టం. చెప్పిన పని చేశాం."

"వెనకాల పిల్ల కుర్చీ ఉందండీ."

కాసేపటికి ఆయనే అడిగాడు. "ఆవిడ ఎక్కడుంటుందో నీకు తెలుసా?"

తెలుసు. ముందద్దం మీద ఒక ఎక్స్‌రే సెంటర్ స్టాఫ్ పార్కింగ్ స్టిక్కరు ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మోచెయ్యి నొప్పని చెప్పి ఆ సెంటర్లో కూర్చుంది. బెంచీ మీద ఉన్నంతసేపూ, ముడత లేని చొక్కా ఎవరిది కనపడినా ఒళ్లు ఝల్లుమంది. ఎక్స్‌రేలు తీసే ఆమె వయసులో చిన్నది, నిద్ర చాలని కళ్లు. ఆ బూడిదరంగు కారు తాళాలు ఆమె కోటు జేబులోంచి తొంగిచూస్తున్నాయి. తలుపు మూసుకున్నాక, ఆ మందపాటి గోడల గదిలో, సైరన్ అక్క చెయ్యి చాపలేదు.

"నాకు నొప్పేం లేదమ్మా. నిన్న మీ బండికి అలారం పెట్టింది నేనే."

ఏం బిగించిందో చెప్పింది. ఎక్స్‌రే ఆమె అరవలేదు, ఏడవలేదు, నమ్మనని కూడా అనలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నడుస్తుండగానే ఆగిపోతుందా?"

"అవునమ్మా."

"పాపని ఆ బండిలోనే స్కూలుకి తీసుకెళ్తాను అక్కా." గొంతు తగ్గించింది. "తీసెయ్యగలవా?"

"డబ్బా తీస్తే ఆ క్షణమే ఆయన ఫోనుకి తెలుస్తుంది. తియ్యను. కోసిన కొసలు రెండూ వేరే ముక్కతో కలిపేస్తాను. ఆయన నొక్కుతాడు, రిలే కొట్టుకుంటుంది, పంపు మాత్రం ఆగదు. కానీ తలుపు తెరిచినా తెలుస్తుంది. లోపల మాట్లాడితే వినపడుతుంది."

"అంటే మాట్లాడకుండా చెయ్యాలి."

"ఊపిరి కూడా చూసుకుని పీల్చాలి."

పార్కింగులో జనం పలచగా ఉన్నారు. ఎక్స్‌రే ఆమె తలుపు తెరిచి పక్క సీట్లో కూర్చుంది. సైరన్ అక్క చెప్పులు బయటే విడిచి డాష్‌బోర్డు కిందికి దూరింది. పంపు వైరు చేతికి చిక్కిందో లేదో, ఎక్స్‌రే ఆమె ఫోను మోగింది.

ఆ కొద్ది జాగాలో ఆయన మెత్తటి గొంతు స్పష్టంగా వినిపించింది. "డ్యూటీలో ఉండాలిగా. బండెందుకు తెరిచావు?"

"తలనొప్పిగా ఉంది. మాత్రలు ఇందులోనే ఉన్నాయేమోనని."

"దొరికాయా?"

"వెతుకుతున్నా."

"వెతుకు. నేను లైన్లోనే ఉంటా."

ప్లయరు వాడితే టక్కుమంటుంది. వైరు తొక్కని పళ్లతో ఒలిచింది. రాగి పోగులు పెదవికి గుచ్చుకుని నాలిక మీద రక్తం ఉప్పగా తగిలింది. కొసలు మెలిపెట్టింది. అలవాటు కొద్దీ లాగి చూసింది. ఇక టేపు చుట్టాలి. టేపు ఊడదీస్తే చిరచిరమంటుంది. తల తిప్పి పైకి చూసింది, టేపు చుట్ట ఎత్తి చూపించింది. ఎక్స్‌రే ఆమెకి అర్థమైంది. అరలోంచి కాగితాలు తీసి గలగలలాడించింది, కడుపులోంచి వచ్చినట్టు దగ్గింది. ఆ దగ్గు నడుస్తుండగా టేపు ఊడింది.

"ఏంటా చప్పుడు?"

సైరన్ అక్క కళ్లు మూసుకుంది.

"కాగితాలు. దొరికాయి, వెళ్తున్నా."

"తలుపు సరిగ్గా వెయ్యి" అని ఆయన పెట్టేశాడు.

బండికి దూరంగా వచ్చాక ఎక్స్‌రే ఆమె సైరన్ అక్క మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి గాజు విరిగేలా ఉంది. "ఎక్కడికెళ్లినా తెలుస్తూనే ఉంటుంది కదా?"

"తెలుస్తుందమ్మా. డబ్బా స్టీరింగు కింద, ఎడమవైపు. చెయ్యి పెట్టి లాగితే ఊడొస్తుంది. కానీ లాగితే మళ్లీ ఆ ఇంటికి వెళ్లకూడదు. అలాంటి రోజునే లాగండి."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో సైరన్ అక్కకే తెలియాలి. అతుకు వదులైతే? ఆయన వేరే షాపులో చూపిస్తే? షెడ్డు ముందు ఏ కారు ఆగినా ముందు దాని రంగు చూసేది. భర్త మిషను శబ్దం ఆగితే ఉలిక్కిపడేది.

ఎండాకాలం మొదట్లో ఆయన వచ్చాడు. నడిచి వచ్చాడు. చొక్కా నలిగి ఉంది.

"పని చెయ్యలేదు" అన్నాడు.

"ఏదండీ?"

"నొక్కాను. ఆగలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను. ఆగలేదు."

ఆమె చేతిలో ఉన్న సైరన్‌ని బల్ల మీద పెట్టి, బల్లనే పట్టుకుంది. "అప్పుడు బండి ఎక్కడుందండీ?"

"వంతెన మీద."

వంతెన మీద, వెనకా ముందూ లారీల మధ్య, చిన్న కుర్చీలో పాపని కూర్చోబెట్టుకుని ఒకావిడ నడుపుతుంటే, ఈ మనిషి ఎక్కడో కూర్చుని నొక్కుతూ పోయాడు.

"బండి తెండి, చూస్తాను" అంది ఎలాగో.

"బండి లేదు." ఆయన దగ్గరికి వచ్చాడు. "డబ్బా రోడ్డు పక్క దొరికింది. నువ్వు దాన్ని కలిశావా?"

అంతవరకూ ఆమెను మీరు అన్న మనిషి. ఆ 'నువ్వు' చెంపదెబ్బలా తగిలింది.

"ఎవర్నండీ?"

భర్త లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర చేతిలో ఉన్న సంగతి ఆయనకే తెలియదు. గొంతు వణుకుతూనే ఉంది. "మా ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు సార్. రోజంతా నా కళ్లముందే ఉంటుంది. యంత్రం అన్నాక పాడవుతుంది. నీళ్లు దిగుంటాయి."

పెళ్లయ్యాక భర్త అబద్ధమాడటం ఆమె వినడం అదే మొదలు. వచ్చిన మనిషి కత్తెర వంక చూశాడు. ఎదురుగా టైర్ల షాపువాళ్లు పని ఆపి ఇటే చూస్తున్నారు. ఇంకొంచెం సేపు నిలబడి వెళ్లిపోయాడు. వెళ్లాక భర్త అక్కడే నేల మీద చతికిలబడి మంచినీళ్లు అడిగాడు.

ఆ కారాయన మళ్లీ రాలేదు. ఎదురు సందు మొగలో నిలబడి షెడ్డు వైపు చూస్తూ కొన్నిసార్లు కనిపించాడు, తర్వాత అదీ లేదు. ఎందుకు మానేశాడో తెలియదు గనుక భయం పోవడానికి దారి లేకపోయింది. వానలు పడ్డాక ఎక్స్‌రే సెంటర్ డాక్టరమ్మ కారు అలారం రిపేరుకి వచ్చింది. మాటల్లో మాటగా అడిగితే, ఆ అమ్మాయి ఉద్యోగం మానేసిందనీ, వేరే ఊళ్లో అన్నయ్య దగ్గర ఉంటోందనీ, పాపని అక్కడే బళ్లో వేసిందనీ డాక్టరమ్మ చెప్పింది. సైరన్ అక్క బానెట్‌లోకి తల దూర్చి, ఎవరికీ కనపడకుండా ఏడ్చుకుంది.

మొన్నీమధ్య ఒక కుర్రాయన అలాంటి పెట్టే పట్టుకొచ్చాడు. చెల్లెలి బండికట. నడుస్తుండగా ఆపే వీలు కావాలన్నాడు. ముఖం చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు.

"నాకు రాదండీ" అంది.

"రాకపోవడమేంటి? బోర్డు పెట్టుకున్నారుగా. సర్లెండి, వీధి చివర ఇంకో షాపుందట, అతను చేస్తాడట" అని ఆయన బండి తిప్పుకున్నాడు.

ఆ కారు మలుపు తిరిగేదాకా చూసింది. ఆ షాపతను ఎవరో, ఎలాంటివాడో ఆమెకి తెలియదు. చెబితే వింటాడో, వెళ్లి ఆ కుర్రాయనకే చెబుతాడో తెలియదు. భర్త మిషను ఆపి ఆమె ముఖంలోకి చూశాడు.

"నేనూ రానా?" అన్నాడు.

"షెడ్డు చూసుకోండి" అని, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, వేగంగా కొట్టుకునే గుండెతోనే ఆమె వీధి చివరికి నడిచింది.