తెల్వదన్న మేడం

మా మేడం మాట్లాడేటప్పుడు రెండు అరచేతులు ఎదురెదురుగ, ఎడంగ పట్టేది. "నిజం గీ రెండిటి నడుమ ఎక్కడో ఉంటది" అనేది.

రెంజల్ చెరుకు పొలాల్ల గాలిని కొలిచే టవర్ పెట్టించింది ఆమెనే. నేను ఆమె దగ్గర అసిస్టెంటును. ఈ నేల గాలిల కార్బన్‌ను పీల్చేది ఎక్కువనా, విడిచేది ఎక్కువనా అన్నది మేము తేల్చాలె. కని చెరుకు జోరుగ పెరిగే వానకాలమే మబ్బులు కమ్మి, పైనుంచి మాకు ఫొటోలు పంపే ఉపగ్రహానికి నేల కనబడదు. టవర్‌కు తగిలే గాలిల సరిహద్దు అవతలి మహారాష్ట్ర పొలాల గాలి సుత కలిసి ఉంటది. విడదీసి చూస్తే ఒకపారి పీల్చినట్టు, ఇంకోపారి విడిచినట్టు వచ్చేది.

నిజామాబాద్ మీటింగుల పెద్దసారు విసుక్కున్నడు. "పీలుస్తదా, విడుస్తదా? ఒక్క మాట చెప్పుండ్రి మేడం."

"ఇంకా తెల్వది సార్. ఇంకొన్ని టవర్లుంటే..."

"ఇన్నేండ్లు కొలిచి తెల్వదంటే ఎట్ల?"

అందరు నవ్విండ్రు. ఆమె మాత్రం మాట మార్చలే.

ఆమెను పక్కకు పెట్టిండ్రు. ఆమె జాగల వచ్చినాయన అవే కొలతలు తీసుకొని, అనుమానమున్న మాటలన్ని కొట్టేసి, "పీలుస్తది" అని రాసిచ్చిండు. ఆయనకు శాలువ కప్పిండ్రు.

జవాబు దొరికింది గదా అని టవర్ విప్పుతుంటే మేడం చూడనీకి వచ్చింది. పొలం యజమాని అవ్వ సంబురంగ అడిగింది. "బిడ్డా, మా చెరుకు గాలికి మంచిదేనంట గద?"

"అయ్యుండొచ్చు అవ్వా" అన్నది మేడం.

ఇనుప కడ్డీలన్ని ట్రాక్టర్ ఎక్కినంక నా దిక్కు తిరిగింది. "గా జవాబు తప్పయితే, తప్పని చెప్పనీకి ఇగ ఏం మిగల్లే."