బుద్రన్న ఇత్తడి కొమ్ము

2003 ఆగస్టులో నన్ను పాడేరులోని క్షయ నివారణ యూనిట్‌కు హెల్త్ సూపర్‌వైజరుగా వేశారు. సూపర్‌వైజరంటే డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. మెడికల్ ఆఫీసరు రాసిన మందులు రోగి గొంతు దిగుతున్నాయో లేదో చూసేవాడు. ఒక మోటారు సైకిలు, ఒక రిజిస్టరు, కొండల మీద విసిరేసినట్టున్న ఊళ్ళ జాబితా నా చేతికిచ్చారు. విజయనగరం వైపు మైదానంలో పదిహేనేళ్ళు చేసి వచ్చినవాణ్ణి కదా, నాకు తెలియనిది లేదన్న ధీమా దండిగా ఉండేది.

సెప్టెంబరు మొదట్లో అరకు దాటి బాగా లోపలున్న ఒక ఊరి నుంచి బుద్రన్న అనే రైతు కళ్లె పరీక్షకు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఏడాదిగా దగ్గు, ఈమధ్య నెత్తురు పడుతోంది. పరీక్షలో క్రిములు కనిపించాయి. అప్పటి పద్ధతి ప్రకారం ఆరు నెలల మందులూ రోగి పేరు రాసిన పెట్టెలో సర్ది ఊరికి చేర్చేవాళ్ళం. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగాలి. తరువాత నాలుగు నెలలు వారంలో ఒక్క మోతాదు ఆమె ఎదుట మింగి, మిగతా మాత్రలు ఇంటికి తీసుకెళ్ళి, ఖాళీ అట్ట తిరిగి ఇవ్వాలి.

పెట్టె ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బుద్రన్న థింసా ఆటకు కొమ్ము ఊదేవాడని తెలిసింది. వంపు తిరిగిన ఇత్తడి కొమ్ము. అవి జోడుగా ఉంటాయి. రెండోది అతని బావమరిది గాసన్నది. ఇద్దరూ ఊదడం ఒకేసారి అందుకుని ఒకేసారి ఆపాలి. నెత్తురు పడే మనిషి బుగ్గలు పూరించి ఊదితే ఇంకా పడుతుందని భయపడ్డాను. నయమయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాను. ఉత్త మాట మీద నమ్మకం లేక, గాసన్న చేత కొమ్ముకు గుడ్డ చుట్టించి, తాడు కట్టించి, నా కళ్ళ ముందే అటక మీద పెట్టించాను. ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. నా మాటకు ఇంత విలువ ఉందే అని లోలోపల సంతోషించాను కూడా.

రెండు నెలలకు నెత్తురు ఆగింది, కళ్లెలో క్రిములు లేవు. అప్పుడు బుద్రన్న అటక వైపు చూసి, దించవచ్చా అని అడిగాడు. ఇంకా లేదని చెప్పి బండెక్కాను. ఎందుకు లేదో చెప్పలేదు. ఆఫీసులో అతని కార్డు చూపించి, పని అంటే ఇలా ఉండాలని నేనే మెచ్చుకున్నాను.

జనవరిలో ఆరోగ్య కార్యకర్త అరకు సంతలో కనబడి, బుద్రన్న మూడు వారాలుగా అట్టలు తిరిగివ్వడం లేదని చెప్పింది. ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. కాఫీ పళ్ళు కోసే రోజులు, ఊరంతా తోటల్లో ఉంది. బుద్రన్న మాత్రం ఎండలో గోడకు చేరబడి కూర్చున్నాడు. మాత్రలన్నీ అలాగే ఉన్నాయి. మధ్యలో మానేస్తే క్రిములు మొండికేస్తాయని, మళ్ళీ మొదటి నుంచి ఇంజెక్షన్లతో ఎనిమిది నెలలు పడుతుందని కేకలేశాను. అతని భార్య చిలకమ్మ ముందుకొచ్చింది.

"కొమ్ము ఊదినోడు సచ్చిపోతే దానికి గుడ్డ సుట్టి అటకెక్కిత్తాం బాబూ. మీరు మా ఆయన బతికుండగానే ఎక్కించేసినారు. నెత్తురాగినాక అడిగినా దించొద్దన్నారు. పెద్దోరు, మీకు ముందే తెలిసిపోయుంటాదనుకున్నాం. ఇంక మందులేటికి?"

కార్యకర్త వైపు తిరిగి, నీకు తెలుసా అన్నాను. "తెలుసు బాబూ. మీరు సెప్పినాక నాను కాదంతానా?" అంది. ఆమెను ఏమనగలను? నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను.

జరిగింది మెడికల్ ఆఫీసరు గారికి దాచకుండా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. మళ్ళీ కళ్లె పరీక్ష చేయించమన్నారు. చేయించాను. క్రిములు లేవు. మందులు ఆపిన చోట నుంచి కొనసాగించమని, నెత్తురు ఆగి రెండు నెలలు దాటింది కాబట్టి కొద్దికొద్దిగా ఊదుకోవచ్చని, ఎరుపు కనిపిస్తే వెంటనే మానాలని చెప్పారు.

ఆ మాట పట్టుకుని మర్నాడే ఊరికి వెళ్ళాను. గాసన్న నిచ్చెన తెచ్చాడు గానీ ఎక్కలేదు. "కట్టించినోరే దించాల" అన్నాడు. నేనే ఎక్కి దించాను, ముళ్ళు నేనే విప్పాను. బుద్రన్న కొమ్మును కండువాతో తుడిచి నోటికి ఆనించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి దగ్గు తెర వచ్చి, అరచేతిలోకి ఉమ్మాడు. అందరం ఆ అరచేతి మీదికి వంగాం.

"ఉత్తి కళ్లే బాబూ!" అని చెయ్యి నా ముందుకు చాపి నవ్వాడు. అతను నవ్వగా చూడటం నాకదే మొదలు. పెదాలు మెత్తబడిపోయి పట్టు దొరకడం లేదని మాత్రం విసుక్కున్నాడు.

ఆ వారం నుంచి ఖాళీ అట్టలు తప్పకుండా వచ్చాయి. మార్చి చివర మందులు పూర్తయ్యాయి, కళ్లె శుభ్రంగా ఉంది. కార్డు మీద నయమైందని రాశాను. ఏప్రిల్‌లో ఇటుకల పండగకు, అదే వాళ్ళ చైత్రమాసపు వేట పండగకు, పిలిస్తే వెళ్ళాను. పొద్దున్నే ఆడవాళ్ళు వరసగా చేతులు పట్టుకుని థింసా మొదలుపెట్టారు. రెండు కొమ్ములూ లేచాయి. బుద్రన్న ఊపిరి సగానికే అయిపోతోంది. గాసన్నది గట్టి గుండె, ఇంకా ఎంతైనా లాగగలడు. అయినా బుద్రన్న మెడ నరం మీదే కన్నుంచి, అతను ఆపిన చోటే తనూ ఆపేస్తున్నాడు. ఆట మధ్యలో ఎందుకలా అని అడిగితే "మా బావకి ఊపిరొచ్చినాక పెంచుతాను, తొందరేటి?" అన్నాడు.

తరువాత నేను పదేళ్ళు అదే పనిలో ఉండి రిటైరయ్యాను. ఏ రోగికైనా ఏదైనా వద్దని చెప్పే ముందు, మీ ఊళ్ళో అలా ఎప్పుడు మానేస్తారని అడగడం అలవాటు చేసుకున్నాను. కొత్తగా చేరినవాళ్ళకూ అదే నేర్పాను. అడగడానికి నిమిషం పట్టదు. నేను అడగనందుకు, జబ్బు తగ్గుతున్న మనిషి మూడు వారాలు గోడకు చేరబడి తన చావు కోసం ఎదురుచూశాడు.