ఆహోంగ్ ఎడమ చెంప

ఎవరు నోరు విప్పినా ఆహోంగ్ తన ఎడమ చెంప తీసుకెళ్లి ఆ నోటి ముందు పెట్టేవాడు. ముద్దు కోసం కాదు. ఎడమ చెవికి తగిలించుకున్న తీగలేని హెడ్‌సెట్ నుంచి బొద్దింక మీసంలాంటి మైకొకటి ఆ చెంప మీదికి వేలాడుతుండేది. మనుషులకే కాదు, నూనెలో చిటపటలాడే చేపకీ, గోడ మీద కాట్లాడుకునే పిల్లులకీ కూడా అదే చెంప. తైనాన్ ఊళ్లో ఆ సందు జనం రెండు పార్టీలయ్యారు. మెడ పట్టేసిందని ఒక పార్టీ. మతి తప్పిందని రెండో పార్టీ.

రెండో పార్టీ నాయకుడు లియావ్ మాస్టారు, ఆహోంగ్‌కి ప్రాణస్నేహితుడు. భూగోళం చెప్పి రిటైరయ్యాడు. గోడ మీది పటంలో బెత్తంతో ఖండాలన్నీ చుట్టి, ఒక్కదానిలోనూ కాలుపెట్టనివాడు. ఎవరూ ఎగతాళి చెయ్యకముందే తనే చేసుకునేవాడు. "అమెజాన్ నది మలుపులన్నీ నాకు కంఠతా వచ్చురా. బజారుకి దగ్గరి దారి మాత్రం మా ఆవిణ్ణడగాలి."

ఆ ఊళ్లో చెత్త గుమ్మంలో పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. సాయంత్రం పాట పాడుకుంటూ బండి వస్తుంది, ఎవరి సంచి వాళ్లు పట్టుకుని ఎదురెళ్లాలి. అందుకని కాస్త ముందే అందరూ సంచులతో సందు మొగలో చేరి ఊరి సంగతులన్నీ ఉతికి ఆరేస్తారు. ఆ కొలువుకి మహారాణి ఆకిమ్ అత్త. ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, లిఫ్టు లేని నాలుగో అంతస్తులో మంచం పట్టింది.

"అత్తగారెలా ఉన్నారమ్మా?" అని ఒకనాడు ఆహోంగ్ అడిగితే, కోడలు మెయ్‌హ్వీ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"రెండు చెంచాలు గంజి తాగి గోడవైపు తిరిగి పడుకుంటున్నారు బాబాయ్. చూడ్డానికి ఎవరైనా వస్తే ఇంకా నీరసపడిపోతారు. ఇలాగే తిననంటే ఎక్కడో దూరాన తైచుంగ్‌లో వృద్ధాశ్రమంలో చేర్పించాల్సిందే అంటున్నారు మా ఆయన."

ఆ వారమే ఆహోంగ్‌కి హెడ్‌సెట్ పిచ్చి పుట్టింది. జీవితమంతా మంగలి దుకాణంలో జనం చెవుల చుట్టూ కత్తెర తిప్పినవాడికి తన చెవి మీద ఇంత శ్రద్ధ ఎందుకో లియావ్‌కి బోధపడలేదు. అయినా ఫోన్ల దుకాణానికి తోడు వెళ్లాడు.

"ఇది చూడండి తాతగారూ," అంది దుకాణంలో అమ్మాయి. "పక్కన బాంబు పేలినా అవతలివాళ్లకి మీ గొంతు తప్ప ఇంకేమీ వినిపించదు."

ఆహోంగ్ లియావ్‌ని ఫోనుతో దుకాణం లోపల నిలబెట్టి, తను రోడ్డెక్కి స్కూటర్ల గుంపుకి చెంప చాపాడు.

"మాస్టారూ, స్కూటర్లు వినిపిస్తున్నాయా?"

"ఒక్కటీ లేదు! గుళ్లో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. కొనెయ్!"

"అయితే ఇది పనికిరాదు."

దుకాణంలో ఉన్న మంచివన్నీ అలాగే తిరగ్గొట్టాడు. చివరికి ఓ మూల బుట్టలో దుమ్ము కొట్టుకుపోతున్నదాన్ని చెవికి తగిలించుకుని బయటికి నడిచాడు.

"ఒరేయ్, నా చెవి పోయిందిరా!" అని లోపల్నుంచి లియావ్ అరిచాడు. "కుక్క మొరుగుతోంది, ఎవడో చీదుతున్నాడు, ఇంజన్ల మోతలో నీ మాట ఒక్క ముక్కా అర్థం కావట్లేదు!"

"ఇదే! ఇదే ఇవ్వమ్మా."

"దీన్ని తిరిగిచ్చినవాళ్లే గానీ అడిగినవాళ్లు లేరు తాతగారూ," అంది అమ్మాయి, అతనికేసి జాలిగా చూస్తూ.

అప్పట్నుంచి చెత్తబండి దగ్గర లియావ్‌కి నరకం. ఏ కబురు మొదలుపెట్టినా ముక్కు కిందికి ఎడమ చెంప వచ్చేది.

"ఆకిమ్ ఉన్నన్నాళ్లూ నన్ను నోరెత్తనివ్వలేదు," అని విసుక్కున్నాడొక రోజు. "ఆవిడ లేదు, ప్రశాంతంగా ఉంది, ఇకనైనా మాట్లాడదామంటే నీ చెంప అడ్డం! చెంప కనిపిస్తే నాకు బడి గుర్తొచ్చి చెయ్యి దురదపెడుతోందిరా!"

ఆహోంగ్ నవ్వి, చెంప ఇంకో అంగుళం ముందుకి జరిపాడు.

ఈలోగా మెయ్‌హ్వీ మొహం తేటపడింది. అత్తగారు గంజి వదిలి అన్నం తింటున్నారట, చేప వేయించమని అడుగుతున్నారట, ఆశ్రమం మాట ఆగిపోయిందట. "గాలి మార్పు," అని లియావ్ రుతుపవనాల మీద ఉపన్యాసమిచ్చాడు. దాన్నీ ఆ చెంపే విన్నది.

ఇంకో సాయంత్రం, అమెరికా ఖండం గురించి చెబుతూ లియావ్ తన చేతిలోని పంపరపనస తొక్కలు తీసుకెళ్లి, బండి వెనక పందుల మేతకని పెట్టిన పీపాలో కుమ్మరించాడు.

"మాస్టారూ!" బండి మనిషి కేకేశాడు. "వండినవి ఇటు, పచ్చివి అటు! పందులకి తొక్కలు పెడతారా? మీరా పిల్లలకి చదువు చెప్పింది?"

లియావ్ మోచేతిదాకా చెయ్యి పాత కూరల పీపాలో ముంచి తొక్కలు ఏరుతుంటే, ఇద్దరి మధ్యకీ ఎడమ చెంప వచ్చింది.

"ఇంకాస్త గట్టిగా తిట్టు బాబూ," అన్నాడు ఆహోంగ్.

దాంతో మాస్టారి సహనం తెగింది. తడి చేత్తోనే హెడ్‌సెట్ లాక్కుని తన చెవికి పెట్టుకున్నాడు. "ఎవరక్కడ? ఈ పిచ్చివాడితో రోజూ ఏం మాటలు?"

అటువైపు ఎవరో పగలబడి నవ్వుతున్నారు. నవ్వు దగ్గులో పడి, దగ్గు మాటల్లోకి దిగింది. "పందులు పంపరపనస తింటాయని ఏ దేశం పటంలో చూశావు మాస్టారూ?"

లోకంలోని శిఖరాల ఎత్తులన్నీ ఒప్పచెప్పగలిగిన లియావ్, తన నెత్తిమీదున్న నాలుగో అంతస్తుకేసి మొదటిసారి తలెత్తాడు.

"ఆకిమ్... రోజూ నువ్వేనా?"

"రోజూ. నేను లేక ప్రశాంతంగా ఉందన్నావే, ఆ రోజు కూడా. ఆ కోపంలో రెండు గిన్నెల అన్నం తిన్నాను."

లియావ్ ఆహోంగ్‌ని పక్కకి లాగాడు. "చెప్పొచ్చు కదరా! అందరం ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడేవాళ్లం."

"అందుకే చెప్పలేదు," అన్నాడు ఆహోంగ్. "మందులేసుకున్నారా, నిద్ర పడుతోందా అని మొదలుపెడతారు. అవన్నీ మంచం దగ్గర వినీ వినీ గోడకి తిరిగింది. ఆవిడకి కావలసింది పరామర్శ కాదు మాస్టారూ, పోట్లాట."

చెవిలో ఆకిమ్ అత్త అందుకుంది. "సాయంత్రం సరే. మరి పొద్దున బజారెవరు వినిపిస్తారు?"

మర్నాడు ఫోన్ల దుకాణంలో అమ్మాయి లియావ్‌కి నవ్వుతూ ఎదురొచ్చింది. "ఇది పెట్టుకుంటే చుట్టుపక్కల చప్పుడు ఒక్కటీ వెళ్లదు తాతగారూ."

"వద్దమ్మా," అన్నాడు లియావ్. "ఆ బుట్టలో పనికిరానిది ఇంకోటుంటే చూపించు."

ఆ తర్వాత చేపల బేరం దగ్గర రెండో పార్టీ నాయకుడే కుడి చెంప చాపి నిలబడటం సందు జనం కళ్లారా చూశారు. రెండు పార్టీలూ ఏకమై ఒక నిర్ణయానికొచ్చాయి. ఇది మెడనొప్పీ కాదు, మతిభ్రమా కాదు, అంటువ్యాధి.