అమ్మ మిక్సీ, నా రైలింజను

శనివారం. బట్టలు ఉతికాను, కూలర్ కడిగాను, ఆగిపోయిన అమ్మ మిక్సీకి, మోటారుకు కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కలు, అదే కొత్త కార్బన్‌లు, వేయించాను. అవి అరిగితే వచ్చే ఆ మాడు వాసన గుర్తుందా, తొంభైల నేస్తాలూ?

నా చిన్నప్పుడు, ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఒకరోజు నా బొమ్మ రైలింజను ఆగిపోయింది. మోటారులో కార్బన్‌లు అరిగిపోయాయి. కొత్తవి కొనే స్తోమత లేదు. నాన్న మిక్సీ కోసం దాచిన జత తీసి, గరుకు కాగితం మీద చిన్నగా అరగదీసి అమర్చారు. ఇంజను కదిలింది.

అమ్మ చూసేసింది. "అచ్ఛా! రేపు మిక్సీ ఆగితే పచ్చడి మీ రైలు రుబ్బుతుందా?"

"బాకీ రాసుకో, తీరుస్తా," అన్నారు నాన్న.

అమ్మ ఇంజను చేతిలోకి తీసుకుంది. కార్బన్‌లు పీకేస్తుందని నాకు ఏడుపొచ్చింది. తను మాత్రం చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు సూదితో లాగి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, మళ్ళీ పట్టాలెక్కించింది.

నాన్న ఆ మాట మరిచేపోయారు. ఇవాళ ఇంకో జత కొని అమ్మ పోపుల డబ్బా పక్కన పెట్టాను. బాకీ చెల్లు.