కుంకుళ్ళమ్మతో మా నానమ్మ హిందీ

నిన్న మా పాప స్కూలు ప్రాజెక్టు కోసం చార్టు మీద చెట్టు గీసింది. ఇండో-యూరోపియన్ భాషల కుటుంబమట. ఒక కొమ్మకు ఇంగ్లిష్, జర్మన్, ఇంకో కొమ్మకు పర్షియన్, మరో కొమ్మకు హిందీ, ఉర్దూ, బెంగాలీ. ఎంత వెతికినా తెలుగు కనిపించలేదు.

"మనదేది బిడ్డా?"

"మనది ఈ చెట్టు కాదు డాడీ, ద్రావిడ కుటుంబం. అండ్ల కోయ భాష మనకు దగ్గరి చుట్టమట."

సరిగ్గా అప్పుడే నానబెట్టిన కుంకుళ్ళ వాసన వచ్చింది. ఒక్కసారిగా నేను చిన్నప్పటి తల్లాడలో, మా నానమ్మ గడప దగ్గర ఉన్నాను.

కోయగూడెం నుంచి ఒకామె కుంకుళ్ళు తెచ్చి వడ్లకు ఇచ్చేది. పిల్లలం కుంకుళ్ళమ్మ అనేవాళ్ళం. ఆమె కనిపించగానే నానమ్మ చేతులు ఊపుతూ, గొంతు పెంచి, వచ్చీరాని హిందీ అందుకునేది. "కిత్నా? జల్దీ బోలో!" మన తెలుగు కాకపోతే ఇక హిందీయే అని ఆమె నమ్మకం.

"నాకు హిందీ రాదమ్మా, తెలుగుల అడుగు" అని కుంకుళ్ళమ్మ ప్రతిసారీ నవ్వేది. నానమ్మ ఒక్కసారీ ఆపలేదు. కుంకుళ్ళమ్మ తన కోయ భాషలో వడ్లు కొలిచిన మానికలు లెక్కపెడుతుంటే నాకు సగం అర్థమయ్యేది. మన లెక్కనే కాపీ కొడుతోందనుకున్నాను.

ఎవరు మనవాళ్ళో, ఎవరు కాదో, ఇప్పుడంతా తికమకగా ఉంది.

పాప ద్రావిడ కుటుంబం కోసం రెండో చార్టు పరిచింది. "కోయ ఎక్కడ రాయాలి డాడీ?"

"మన పక్కనే రాయి బిడ్డా" అన్నాను.

కుంకుళ్ళమ్మ అసలు పేరేమిటని మా ఇంట్లో ఎవ్వరం, ఏ భాషలోనూ అడగలేదు.