పదిహేనో ఫారం

ఆసుపత్రిలో బట్టలు ఉతికే గది నేలమాళిగలో ఉంటుంది. ఆరు వార్డుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గది గౌన్లు రోజూ అక్కడికే వస్తాయి. వాటిని పైనుంచి కిందికి తెచ్చేదీ, ఉతికి మడతపెట్టాక మళ్లీ పైకి చేర్చేదీ ఒక్కడే మనిషి. ఆయన్ని అందరూ బండాయన అంటారు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. లిఫ్టు పనిచేసిన రోజు లిఫ్టులో, చెయ్యని రోజు ర్యాంపు మీద, ఇరవై రెండేళ్లుగా ఆ నాలుగు చక్రాల బండిని తోస్తున్నాడు. లిఫ్టు పనిచెయ్యని రోజులే ఎక్కువ.

ఆ బండి చప్పుడు చెయ్యదు. ఆసుపత్రిలో మిగతా బండ్లన్నీ కీచుమంటూ వస్తాయి. ఆయనది వచ్చి పక్కన నిలబడేదాకా తెలియదు. ప్రతి శనివారం పని దిగేముందు బండిని బోర్లించి, ఇరుసులకు చుట్టుకున్న దారప్పోగులూ వెంట్రుకలూ పిన్నుతో లాగేసి, చక్రానికి రెండు చుక్కల నూనె వేస్తాడు. అది ఎవరూ చెయ్యమన్న పని కాదు. యంత్రాల మరమ్మతు నాది గనక ఆ నూనె నా దగ్గరే తీసుకునేవాడు. అలా కలిసింది స్నేహం.

యంత్రాలు తిరుగుతున్నంతసేపూ ఆ గదిలో ఒకరి మాట ఒకరికి వినపడదు. మధ్యాహ్నం తిండి వేళ అరగంట మాత్రం అన్నీ ఆపుతారు. ఆ అరగంట మేం ఐదుగురం ఒక బల్ల చుట్టూ చేరేవాళ్లం. బండాయన, నేను, చిరిగిన దుప్పట్లకు మాసికలు వేసే కుట్టక్క, ఇస్త్రీ రోలరు ముందు చెరో అంచూ పట్టుకుని దుప్పట్లు మడిచే ఇద్దరు ఆడవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకామె వయసులోనూ ఒంట్లోనూ పెద్ద. రెండో ఆమె సన్నం, నోరు జాస్తి. అందుకని వాళ్లు పెద్ద మడత, చిన్న మడత అయ్యారు. ఒకప్పుడు ఆ అరగంటా మోకాళ్ల నొప్పుల మీదా సూపర్‌వైజరు మీదా గడిచిపోయేది. అవి ఎన్నాళ్లని చెప్పుకుంటారు? నొప్పీ తగ్గదు, ఆయనా మారడు.

నవలలు మొదలుపెట్టింది కుట్టక్క. పాత కాగితాల కొట్టులో తూకానికి పోతున్న లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకొచ్చింది. పుస్తకం ఒకటి, చదవాలన్నవాళ్లం ఐదుగురం. ఆమె కత్తెర తీసి, అట్ట ఊడదీసి, వెన్నులో దారం తెంపింది. దారంతో కుట్టిన పుస్తకం అలా తెంపితే పదహారేసి పేజీల కట్టలుగా విడిపోతుంది. అచ్చు పనివాళ్లు వాటిని ఫారాలంటారు. మొదటి ఫారం చిన్న మడతకు. ఆమె చదివి పెద్ద మడతకు, ఆ తర్వాత నాకు, నా నుంచి కుట్టక్కకు, అందరికంటే చివర బండాయనకు. ఒక్కో ఫారం జేబులో ఇమిడిపోతుంది. అందరిదీ అయ్యాక కుట్టక్క వరసగా పేర్చి, మైనం పట్టించిన దారంతో కుట్టి, అట్ట అతికించి, పై వార్డులో రోగుల కోసం పెట్టేది. ఆమె కుట్టిన పుస్తకం కొత్తదానికంటే గట్టిగా ఉండేది.

నియమం మాత్రం ఒకటి పెట్టింది. అన్నం దగ్గర కథ గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు గాని, వెనకున్నవాళ్లు ఎక్కడిదాకా చదివారో అక్కడే మాట ఆగాలి.

వెనకున్నది ఎప్పుడూ బండాయనే. ఆయన చదువు నాలుగో తరగతితో సరి. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాడు. భార్య నడుం విరిగి రెండేళ్లుగా మంచం మీద ఉంది. ఇంటికెళ్లి వంట, అంట్లు, ఆమె పనులు అన్నీ ముగించి పుస్తకం పట్టేసరికి ఆయనలో ఏమీ మిగలదు. రెండు మూడు పేజీలు. కళ్లు మూతపడుతున్నాయనగా చదివిన చోట పెన్సిలుతో చిన్న గీత గీసి పడుకుంటాడు. మేం వాటిని నిద్ర గీతలనేవాళ్లం. ఫారానికి ఐదో ఆరో ఉండేవి.

చిన్న నవలలప్పుడు అది పెద్ద చిక్కు కాలేదు. ఆ నవల మాత్రం పద్దెనిమిది ఫారాలు. మొదటి పేజీ చిరిగిపోయింది గనక పేరు కూడా తెలియదు. ఏటి ఒడ్డున పూటకూళ్ల ఇల్లు నడుపుకునే అక్కచెల్లెళ్లు, వాళ్లింటి ముందు రేవులో పడవ వేసే ముసలాయన, ఆ రేవుకి ఎగువన కొత్తగా లేస్తున్న వంతెన. అక్కచెల్లెళ్ల తగువులంటే మడతలిద్దరికీ ప్రాణం. బండాయనకు పడవాయన ఒక్కడు చాలు. ఏటికి ఎదురు వెళ్లేటప్పుడు గెడ ఎక్కడ వెయ్యాలో, బరువు ఏ పక్క ఉంచాలో మాకు డబ్బా మూతలతో చూపించేవాడు. ఒకరోజు ర్యాంపు ఎక్కి వచ్చి, ఆయాసం తీరకుండానే, పడవాయన చెప్పింది నిజమే, బరువుని మనం తొయ్యకూడదట, అది కదిలిన క్షణం చూసి దాని వెంట పోవాలట అన్నాడు. అన్నేళ్లలో ఆయన అన్ని మాటలు ఒకేసారి అనడం నేను వినలేదు.

నెలా నాలుగు రోజులకు మా నలుగురిదీ అయిపోయింది. అప్పటికి బండాయన ఐదో ఫారంలో ఉన్నాడు.

ఇంకేముంది, నోళ్లు కట్టేసుకున్నాం. ఐదో ఫారం దాకా ఉన్న కథ అరిగేదాకా చెప్పుకున్నాం. ఆ తర్వాత డబ్బాల చప్పుడే. చిన్న మడత రోజూ ఆయన జేబు వంక చూసేది. పడవ ఈ ఏడాదైనా ఒడ్డు చేరుతుందా బాబాయ్ అని అడిగేది. ఆయన నవ్వి, ఏరు పోటు మీద ఉందమ్మా అనేవాడు. ఒకరోజు నేనూ ఊరుకోలేకపోయాను. బండికి వేసే నూనె నాలుగు చుక్కలు కళ్లకీ వేసుకో అన్నా అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా.

మూడు వారాలు అలా గడిచాక, శనివారం నుంచి చిన్న మడతను సాయంత్రం షిఫ్టుకు వేస్తున్నారని కబురు వచ్చింది. ఆ తర్వాత ఆమె మాతో తినదు.

"ఇంత చదివీ ఒక్క మాట మాట్లాడుకోకుండానే పోవాలన్నమాట," అంది చిన్న మడత. ఎవరి వైపూ చూడలేదు.

గురువారం మధ్యాహ్నం బండాయన మిగిలిన పది ఫారాలూ గుడ్డ పీలికతో కట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అయిపోయిందన్నాడు. ఎప్పుడు చదివావని ఎవరం అడగలేదు. అడగాలని లేదు మాకు.

ఆ రెండు రోజులూ బల్ల దగ్గర పెళ్లివారి విడిదిలా ఉంది. చెల్లెలు ఇల్లు అమ్మెయ్యడం తప్పా ఒప్పా అని మడతలిద్దరూ అన్నాలు చల్లారేదాకా వాదించుకున్నారు. మధ్యలో పెద్ద మడత నిట్టూర్చి, అన్నిటికంటే పదిహేనో ఫారంలో పడవాయన పోవడమే తట్టుకోలేకపోయానంది. అదీ వంతెన తెరిచిన పొద్దునే పోవడమేమిటంది. బండాయన నోటి దాకా తెచ్చిన ముద్ద ఆపాడు. తర్వాత నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అవును పాపం అన్నాడు.

నేను చూశాను. చూసి కూడా, విచారం కాబోలనుకున్నాను.

సోమవారం కుట్టక్క కుట్టుమిషను బెల్టు తెగితే దాని కింద పడుకుని బిగిస్తున్నాను. బండాయన మాసికల మూట దించడానికి వచ్చాడు. నేనున్నట్టు కుట్టక్కకు తెలుసు, ఆయనకు తెలియదు.

"అన్నయ్యా, నిద్ర గీతలు ఎనిమిదో ఫారంతో ఆగిపోయాయే," అంది కుట్టక్క.

ఆయన మూట దించాడు.

"నా ఒక్కడి కోసం నలుగురు నోరు కట్టుకు కూర్చున్నారమ్మా. అన్నం దగ్గర అంత మౌనం చావింట్లో కూడా ఉండదు."

"చదవలేదని చెప్పాల్సింది."

"చెప్తే ఆ పిల్ల అలాగే వెళ్లిపోయేది."

"పడవాయన పోయాడని తెలిసిపోయిందిగా. ఇంక ఏముంది నీకందులో?"

"పోయాడని తెలిసింది. ఎలా బతికి పోయాడో ఎవరూ చెప్పలేదుగా."

బల్ల సొరుగు తెరిచిన చప్పుడైంది. ఇదిగో తొమ్మిదోది, అయ్యాక తర్వాతది ఇస్తాను, తొందరేం లేదు, నా దగ్గర దారం కూడా లేదు అంది కుట్టక్క. నా తలకు జానెడు దూరంలో, అలమర అడుగు అరలో, దారం ఉండలు అరడజను ఉన్నాయి.

ఆ తర్వాత మేం ముగ్గురం కొత్త నవల మొదలుపెట్టాం. బండాయన తన వంతు వద్దన్నాడు. కళ్లు లాగుతున్నాయన్నాడు. అన్నం దగ్గర మా కబుర్లు వింటూ కూర్చునేవాడు. వాటిలో ఒక్క మనిషీ ఆయనకు తెలియదు. చిన్న మడత స్థానంలో వచ్చినామె పుస్తకాల జోలికి రాదు, ఫోను చూసుకుంటూ తింటుంది. ఆ రోజుల్లో బల్ల దగ్గర ఏదో తగ్గింది. ఏది తగ్గిందో నాకూ కుట్టక్కకూ తెలుసు. అయినా ఇద్దరం ఊరుకున్నాం. ఇన్నాళ్లు పరుగెత్తినవాళ్లం, ఆగమంటే ఎలా ఆగాలో కూడా తెలియలేదు.

ఆరు వారాలు పోయాక ఒక మధ్యాహ్నం, అందరం డబ్బాలు మూసేస్తుంటే, బండాయన నోరు విప్పాడు.

"పడవాయన పోయే ముందురోజు ఏం చేశాడో గుర్తుందా?"

"వంతెన చూడ్డానికి వెళ్లాడు కదా బాబాయ్," అంది పెద్ద మడత.

"అది సాయంత్రం. నేనడిగేది పొద్దున."

ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన చెయ్యి తుడుచుకుని జేబులోంచి పదిహేనో ఫారం తీశాడు గాని తెరవలేదు.

"పడవని ఒడ్డుకి లాగి బోర్లించాడు. చెక్కల సందుల్లో పాత నారంతా పీకేసి కొత్త నార కూరాడు. తారు కాచి పూశాడు. మర్నాడు వంతెన తెరుస్తారు, ఇంక ఆ పడవ ఎవరూ ఎక్కరు. ఆయనకీ తెలుసు అది. అయినా పూశాడు. తారు ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఎవరినీ తాకనివ్వకు అని అక్కతో చెప్పి మరీ వెళ్తాడు."

నాకు ఆ పేజీ గుర్తులేదు. ముప్పై ఏళ్లు పనిముట్లతో బతికినవాణ్ణి, నాలాంటివాడి కోసమే రాసిన పేజీ అది. నేను దాన్ని దాటిపోయాను. ముసలాయన బతుకుతాడా పోతాడా అని ముందుకు పరుగెత్తుతున్నాను అప్పుడు.

"నేనసలు ఆ పేజీ చదివానా?" అంది పెద్ద మడత.

"చదివే ఉంటావమ్మా. తొందరలో ఉన్నావు," అన్నాడు బండాయన.

ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. అదే ఎక్కువ తగిలింది. పెద్ద మడత ఆయన చేతిలో ఫారం వంక, తర్వాత ఆయన మొహం వంక చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. మరి ఆ రోజు అయిపోయిందన్నావు అని అనబోయి, ఆపుకుని, ఒకసారి ఇస్తావా బాబాయ్ అని చెయ్యి చాపింది.

బండాయన పద్దెనిమిదో ఫారం ముగించడానికి ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది. తెచ్చి కుట్టక్క ముందు పెట్టి, మునుపటిలాగే అయిపోయిందన్నాడు. ఆమె పేజీలు తిప్పింది. ఏడు గీతలున్నాయి. ఎలా ఉందన్నయ్యా అని అడిగితే, ఇల్లు అమ్మకుండా ఉండాల్సిందమ్మా చెల్లెలు అన్నాడు. ఆ వాదన మేం ముగించి రెండు నెలలైంది. మళ్లీ మొదటినుంచి మొదలైంది.

పుస్తకం ఇంకా కుట్టలేదు. పదిహేనో ఫారం పెద్ద మడత చదివి నాకిచ్చింది, నేను చదివి కుట్టక్కకిచ్చాను, ఆమె సాయంత్రం షిఫ్టులో ఉన్న చిన్న మడతకు పంపింది. అది వెళ్లి మూడు వారాలైంది. అందరికంటే ముందు చదివేసే మనిషి. నిన్న షిఫ్టు మారేటప్పుడు మెట్ల దగ్గర నాకూ బండాయనకూ కనపడింది. ఇంటికెళ్లేసరికి ఒళ్లు హూనమవుతోందనీ, రెండు పేజీలకే కళ్లు మూతపడుతున్నాయనీ, మర్నాడు ఎక్కడ ఆపానో తెలియక మళ్లీ మొదటికొస్తున్నాననీ చెప్పింది.

బండాయన చెవి మీది పెన్సిలు తీసి ఆమెకిచ్చి, బండి తోసుకుంటూ ర్యాంపు వైపు వెళ్లాడు.