గీత మీద పడ్డ బంతి

గీత మీద పడ్డ బంతిని బయట పడిందని చెప్పాను. ఆ గుర్తు మీద బూటు పెట్టి చెరిపేశాను. పొరపాటున కాదు, కావాలనే. దాంతో ఒక మనిషి ఆట పోయింది.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి పొద్దున్నుంచి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను. ఒకసారి నీళ్ళు తాగాలని, ఒకసారి కలం సరిగా రాయడం లేదని. మూడోసారి ఏ సాకూ దొరకలేదు, ఊరికే లేచాను. పన్నెండేళ్ళుగా మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటై బరువు తెలియకుండా పోతుందనుకున్నాను. పోలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాట నా నోట రాదు.

జహీరాబాద్‌లో చక్కెర మిల్లు వాళ్ళ క్లబ్బులో నేను మార్కర్‌ని. అంటే టెన్నిస్ కోర్టు చూసుకునేవాణ్ణి. మా ఎర్రమట్టిని జల్లెడ పట్టి పరచడం, నీళ్ళు చల్లి రోలర్ లాగడం, వారానికోసారి పేడనీళ్ళతో అలకడం, తాడు కట్టి సున్నంతో గీతలు గీయడం. సాయంత్రం ఆఫీసర్లకు జోడీ దొరక్కపోతే వాళ్ళతో ఆడి ఓడిపోవడం కూడా నా పనే. నేను బడికి పోలేదు. క్లబ్బులో పారేసిన పాత పేపర్లు ముందేసుకుని తెలుగు చదవడం నేర్చుకున్నాను, తర్వాత కూడబలుక్కుంటూ ఇంగ్లీషు. ఆట నియమాల పుస్తకం నాకు మొదటి నుంచి చివరిదాకా కంఠతా వచ్చు. ఆ ఆఫీసర్లలో ఒక్కడు కూడా దాన్ని తెరిచిన పాపాన పోలేదు. అయినా వాళ్ళు సాబులు, నేను ‘ఏయ్’.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ళంతా నా ముందు నోరు మూసుకోవాల్సిందే. ఏటా చలికాలంలో క్లబ్బు పోటీలు పెట్టేది. హైదరాబాద్, బీదర్, షోలాపూర్ నుంచి ఆటగాళ్ళు వచ్చేవారు. బంతి లోపల పడిందా, బయట పడిందా అని తగవు వస్తే అంపైర్ కుర్చీ దిగేవాడు కాదు. నన్ను పిలిచేవాడు. అలికిన నేల మీద బంతి పడితే మచ్చ పడుతుంది. ఆ మచ్చ సంగతి అలికినవాడికే తెలుస్తుందని అక్కడి నమ్మకం. నేను పోయి చూసి ఏది చెబితే అదే తీర్పు. రోజువారీ ఆటలో ఆఫీసర్ల బంతి రెండు వేళ్ళు బయట పడ్డా లోపలే అనేవాణ్ణి, కాదనను. అది ఉద్యోగం. పోటీల్లో మాత్రం పెద్ద మేనేజర్ అల్లుడికి కూడా బయట అని మొహం మీదే చెప్పాను. ఈ ఊళ్ళో నా పరువంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉండేది.

నర్సింలుది ఝరాసంగం పక్క పల్లె. తండ్రి మిల్లుకు చెరుకు లారీ నడిపేవాడు. వాడికి పదకొండేళ్ళప్పుడు, ఆఫీసర్లు రాకముందే పొద్దున్నే లోపలికి పిలిచి, విరిగిన రాకెట్‌కు కట్టు కట్టి చేతికిచ్చాను. ఏడేళ్ళు నేర్పాను. నన్ను కాకా అని పిలిచేవాడు. వాడి బ్యాక్‌హ్యాండ్ మీరు చూసి ఉండాల్సింది. పక్క గీత వెంటే పోయి బంతి సరిగ్గా సున్నం మీద వాలేది. అందులో నేను నేర్పింది కొంత, మిగతాదంతా వాడి కన్ను. పద్దెనిమిదేళ్ళకు హైదరాబాద్‌లో పెద్ద పోటీ గెలిచాడు. ఇక ఆట మీదే బతుకుతాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

ఆ గెలుపు గురించి పేపర్లో వాడి ఫోటో వేసి, వాడితో మాట్లాడి రాశారు. ఆట ఎవరు నేర్పారని అడిగితే, సికింద్రాబాద్‌లో ఆరు నెలలు నేర్పిన కోచ్ పేరు చెప్పాడు. అంతే. ఏడేళ్ళు లేవు. నేను లేను. ప్రతి పంక్తీ వేలు పెట్టి చదివాను, వెనక పేజీ కూడా తిప్పి చూశాను. క్లబ్బు వంటమనిషి రషీద్ నా భుజం మీంచి తొంగిచూశాడు.

“నీ పేరు ఏ మూలకు రాసిన్రు మాస్టర్? జర మాకు గూడ చూపెట్టు.”

అక్కడున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు.

మరుసటి నెలలోనే మా పోటీలు. ఫైనల్ చూడటానికి బొంబాయి నుంచి ఒక కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. నర్సింలు గెలిస్తే ఏడాది పాటు పైదేశాల పోటీలకు పంపిస్తామని ముందే చెప్పాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. ఆట మూడో సెట్‌కు వచ్చింది. నర్సింలుకు ఇంకొక్క పాయింట్ చాలు. వాడు ఆ బ్యాక్‌హ్యాండే కొట్టాడు. అప్పటికి గీతల సున్నం బాగా పలచబడింది. అవతలి ఆటగాడు బయట అని చెయ్యెత్తాడు. అంపైర్ నా వైపు చూశాడు.

పదిహేను అడుగులు నడిచాను. ఆ నడకలో ఏమనుకున్నాను? ఏమీ అనుకోలేదని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పేపర్లోని ఆ పంక్తి కళ్ళ ముందే ఉంది. మచ్చ అంచు గీతను తాకింది. గోరంత, అంతే. గీతను తాకితే లోపలే, నియమం అది. వంగి చూస్తున్నట్టు బూటు ముందుకు జరిపి, మచ్చ మీద పెట్టి తిప్పాను. బయట అన్నాను.

నర్సింలు వలకు అవతల, తన వైపు నుంచే అడిగాడు. గొంతులో కోపం లేదు.

“గీత మీద పడ్డట్టు అనిపించింది కాకా. నువ్వు చూసినవా?”

“చూసిన. బయటనే.”

“ఎంత?”

“రెండు వేళ్ళ మందం.”

“గట్లనా. అయితే నా కన్నే తప్పింది. మంచిది.”

వాడు వాదించి ఉంటే? ఒక్కసారి నా మొహంలోకి గుచ్చి చూసి ఉంటే? వాదించే అలవాటు నేనే మాన్పించాను. ఆ తర్వాత వరసగా పాయింట్లు పోయాయి, ఆట పోయింది. బొంబాయి మనిషి టీ కూడా తాగకుండా జీపెక్కాడు.

ఒక్క ఆటే గదా, ఇంకోటి గెలుస్తాడులే అనుకున్నాను. మరుసటి ఏడు బీదర్‌లో వాడి ఆట చూడటానికి పోయాను. వాడి బంతులన్నీ గీతకు జానెడు లోపలే పడుతున్నాయి. అవతలివాడు ముందే అక్కడికొచ్చి నిలబడి సుఖంగా తిప్పి కొడుతున్నాడు. ఆటయ్యాక ఎందుకిట్లా ఆడుతున్నావని అడిగాను. తన కన్ను దూరం తప్పుగా చూపిస్తోందని, ఆ రోజు నేనే చూసి చెప్పాను కదా అని అన్నాడు. దవాఖానలో కళ్ళు చూపించుకున్నాడట. ఏ లోపమూ లేదని డాక్టర్ చెప్పాడట. వాడు డాక్టర్‌ని నమ్మలేదు. నన్ను నమ్మాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. వాడి పక్కనే కూర్చుని మిర్చి బజ్జీలు తిని, బస్సెక్కి వచ్చేశాను. ఆ తిండి ఎట్లా దిగింది నా గొంతులో? ఇంకో మూడేళ్ళకు వాడు పోటీలు మానేశాడు. షోలాపూర్‌లో ఒక క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుతున్నాడని తెలిసింది.

నా కోపం పోయిందని మీరు అనుకోవద్దు. ఆ పేపరు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏడేళ్ళకు ఒక్క మాట ఇవ్వలేకపోయాడా? కోపం న్యాయమైనదే. నేను చేసింది న్యాయం కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతున్నాయో నాకు తెలియదు. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదని మాత్రం తెలిసింది, అదీ చాలా ఆలస్యంగా.

పోయిన ఏడు ఆ కోర్టును తవ్వేసి చెరుకు లారీలు నిలిపే జాగా చేశారు. నేను గోడ పక్కన నిలబడి చూశాను. ఆ మట్టి పోయాక, అక్కడ బంతి ఎక్కడ పడిందో చెప్పగలిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను. రెండు రోజులు స్థిమితం లేదు, ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. మూడో రోజు నర్సింలుకు ఉత్తరం రాశాను. బూటు సంగతి రాశాను. పదిహేను అడుగుల సంగతి రాశాను. పేపరు గురించి కూడా నిలదీస్తూ ఒక పంక్తి రాసి, కొట్టేశాను. క్షమించమని రాయలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి తేలికైంది. మనసు కాదు, చెయ్యి. ఇప్పుడు మీకు చెబుతుంటే ఇంకొంచెం. అంతకుమించి నేను ఆశపడటం లేదు.

నాలుగు నెలలు జవాబు లేదు. పోయిన వారం కార్డు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

“కాకా, నీ ఉత్తరం అందింది. నా దగ్గర ఆట నేర్చుకునేటోళ్ళు ఇరవై మంది ఉన్నరు. కొత్తగ ఎవరొచ్చినా మొదటిరోజు రాకెట్ ముట్టనియ్య. ముందుగాల నీ ముచ్చట చెప్త. నాకు ఆట నేర్పినాయన ఒకాయన ఉన్నడు, కొడుకోలె సాదిన నా కోసం గూడ గీత కాడ అబద్ధం ఆడలేదు, మీరు గూడ గట్లనే ఉండాలె అని. ఎనిమిదేండ్ల సంది ఇదే చెప్తున్న. వచ్చే సోమవారం ఇద్దరు కొత్తోళ్ళు వస్తున్నరు. వాళ్ళకు ఏం చెప్పాల్నో నువ్వే రాయి.”